ఎనిమిది అంకెల కుట్టు

శుక్రవారం, హసావీలో,
లిఫ్టు పన్జేయని బిల్డింగు మూడో అంతస్తు.
మిషను ముందర కూచుంటా.
జాకెట్టు చేతులు కురచ చేయమని ఒకతి,
అబాయా అంచు మడిచి కుట్టమని ఒకతి,
ఊరికే చాయ్ తాగి పోదామని ఒకతి వస్తారు.
వాళ్ళడగని పని ఒకటి చేస్తా.
చంక కింద, లోపలి మడతలో,
ఎర్ర దారంతో ఎనిమిది అంకెలు.

చదువు రాని వేళ్ళకూ చదవొచ్చేట్టు
ఐదంటే ఐదు ముడులు,
రెండంటే రెండు.
సున్నా ఉన్న చోట కుట్టే ఉండదు,
ఆ కొంచెం దూరం వేలు ఒంటరిగా నడవాల.

ఆ నంబరు నాదే.
ఏ జామున మోగినా ఎత్తుతా.
ఒకసారి మోగి ఆగిపోతే
ఎవరో బతికుండాదని లెక్క.

నన్నెవరూ ఇట్లా కుట్టి పంపలా.
రాయచోటి ఏజెంటు నా పెట్టె మీద సుద్దముక్కతో రాసినాడు:
దస్తగిరమ్మ, ఇంటిపని, కువైట్.
ఇంటిపని ఏడు నెల్లు.
జీతం అడిగిన రోజు
'ఇంతకంటే మంచి సేటు ఉండాడు' అన్యాడు డ్రైవరు.
కారు సముద్రం పక్కన ఆగింది.
కిటికీకి వెండి కాగితం అతికించిన గది,
పగలూ రాత్రీ ఒకే రంగు.
ఆ తర్వాతిది చెప్పను.
చెప్పలేక కాదు,
అది చెప్తేనే నమ్ముతామనేవాళ్ళకు చెప్పను.

పోయిన నెల మీటింగుకు పిలిచినారు.
ఏసీ గది, సీసా నీళ్ళు, టై కట్టిన పెద్దాయన,
తర్జుమాకు కేరళ పిల్ల.
'ఎంతమంది?' అని అడిగినాడు.
మూడు భాషలు దాటి నా కాడికి వచ్చేసరికి
ఆ మాట చల్లారింది గానీ కంపు పోలా.

నన్ను లెక్కబెట్టద్దు సార్, నేనే లెక్క చెప్తా, రాసుకో.
పాసుపోర్టు బీరువాలో పెట్టి తాళమేసిన మేడమ్.
కారు తోలినోడు.
గది బాడిగ తీసుకున్నోడు, వానికి ఇంకా రెండు బిల్డింగులు.
కింది బకాలా నుంచి నీళ్ళ డబ్బాలు మోసి
మా మొగం చూడకుండా దిగిపోయినోడు.
ఇంక దుడ్డిచ్చినోళ్ళు.
మెట్ల మీద నిలబడి పెండ్లానికి ఫోన్ చేసి
'తిన్యావా' అని అడిగి లోపలికి వచ్చినోళ్ళు.
మన మాట మాట్లాడినోళ్ళు కూడా.
అంతా అయినాక 'మీదే ఊరమ్మా' అన్యాడొకడు.
ఆ పొద్దు నుంచి
ఊరి పేరు పలికితే నోట్లో ఇసక.

తలుపు పగిలిన రోజు బేడీలు మా చేతులకు పడినాయి సార్.
వాళ్ళ కార్లకు చలాను చీటీ కూడా అంటుకోలా.

పెన్ను ఆగింది.
రాయి తల్లీ అన్యా ఆ పిల్లతో.
మలయాళంలో ఏడ్చింది, ఇంగ్లీషులో రాసింది.
మళ్ళీ పిలుస్తారో లేదో తెలీదు.
ఈసారి నాతో సిలోన్ సుజీవ వస్తాది,
హబషీ అల్మాజ్ వస్తాది,
నాలుగో ఆమె పేరు ఇంకా చెప్పేది లేదు.
మాకు ఆఫీసు లేదు, బోర్డు లేదు,
మిషను ఒకటుంది, దాని కంతు ఇంకా తీరలా.

మొన్న మూడు గంటల జామున ఫోను.
ఊపిరి తప్ప మాటల్లేవు.
ఏ జాకెట్టు మ్మే, అని అడిగినా.
'పచ్చదండి. నాది కాదు.
ముందున్న అమ్మాయి వదిలేసి ఎళ్ళిపోయింది.'
గోదారి మాట. పేరు నూకరత్నమంట.
'మద్దిలో కుట్టు లేదక్కా, ఊడిపోయిందేమో అనుకున్నాను.'
ఊడలేదు. అది సున్నా.
దాటినావు కాబట్టే నా కాడికొచ్చినావు.

కిటికీకి ఏముందమ్మా?
'ఎండి కాగితం.'
గోరుతో ఒక మూల గీరు. నిదానంగా. చప్పుడు కానీయొద్దు.
ఏం కనపడతాది?
'నీలం చారల గొడుగుల్లాగా నీళ్ళ ట్యాంకులు.
పక్కన పచ్చ లైటు బోర్డు.
అరబ్బీ నాకు రాదక్కా.'

ఆకారం చెప్పు.
నేను చదువుతా.